గెలిస్తే తెలుగువాడు

అమెరికాలో సాహిత్ తీగల ఏదైనా గోల్ఫ్ టోర్నమెంటులో పైకి వస్తున్నాడని తెలియగానే మన చానళ్లలో ‘తెలుగు తేజం’ అన్న పట్టీ పరుగెత్తుతుంది. గోల్ఫ్ బంతిని కళ్లతో చూడని ఇళ్లలో కూడా ఆ పూట గర్వం పంపిణీ అవుతుంది. గర్వం మనకు న్యాయంగా దక్కాల్సిందే. అతడు 1997లో కాలిఫోర్నియాలో పుట్టాడు, చీనో హిల్స్‌లో పెరిగాడు, పెప్పర్‌డైన్ విశ్వవిద్యాలయం తరఫున ఆడి 2020లో అక్కడి కాలేజీ గోల్ఫ్‌లోని మూడు పెద్ద అవార్డులనూ ఒకేసారి గెలుచుకున్నాడు. తల్లిదండ్రులు హైదరాబాద్ నుంచి వెళ్లినవారు. మిగతా శ్రమంతా మనదే.

అయితే ఈ బంధుత్వానికి వేళలున్నాయి. 2022 ఫిబ్రవరిలో ఫీనిక్స్‌లో 17వ హోల్ దగ్గర అతడి బంతి దొర్లుకుంటూ నీళ్లలో పడి, ఒక్క స్ట్రోక్, అంటే బంతిని కొట్టే ఒక్క దెబ్బ, తేడాతో విజేతను తేల్చే ప్లేఆఫ్ తప్పిపోయింది. కుర్రవాడు కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఆ సాయంత్రం అతడు అచ్చమైన అమెరికన్. అదే ఏడాది ట్రావెలర్స్ టోర్నీలో ఆధిక్యంలో ఉండి, చివరి హోల్ దగ్గర బంకర్ అనే ఇసుక గుంటలో చిక్కుకుని ఓడిపోయాడు. అప్పుడు మరీ అమెరికన్. 2023 సెప్టెంబరులో నాపాలో ఫోర్టినెట్ చాంపియన్‌షిప్ గెలిచి అమెరికా ప్రొఫెషనల్ గోల్ఫ్ పోటీల పరంపర అయిన పీజీఏ టూర్‌లో తొలి టైటిల్ అందుకున్నాడో లేదో, తెల్లారేసరికి తెలుగువాడైపోయాడు.

పొరపాటున అతడు ఇటు వచ్చాడనుకోండి. సన్మాన సభ తప్పదు. ఫ్లెక్సీ మీద నాయకుడి ముఖం నిలువెత్తు, అతడి ముఖం రూపాయి బిళ్లంత. ఇంటిపేరు తీగల కనుక తమ శాఖవాడేనని రెండు ఊళ్లు వేదిక మీదే వాదులాడుకుంటాయి. గోత్రం తేలేదాకా శాలువా ఆగుతుంది. అధ్యక్షులవారు క్లబ్‌ను గదలా భుజాన వేసుకుని ఫొటో దిగుతారు, ఎన్ని గోల్స్ కొట్టావు నాయనా అని ఆప్యాయంగా అడుగుతారు. గోల్ఫ్ అకాడమీకి స్థలం కూడా అక్కడికక్కడే ప్రకటిస్తారు. అది చెరువని గుర్తుచేసినవాణ్ణి వాలంటీర్లు మర్యాదగా బయటికి నడిపిస్తారు. వందన సమర్పణ జరిగేటప్పటికి అతిథికి విమానం వేళ దాటిపోయి ఉంటుంది.

ఇంతమంది బంధువులున్నారు కదా, 2024 ఆగస్టు చివర్లో ఎక్కడికి పోయారు? అట్లాంటాలోని ఈస్ట్ లేక్‌లో టూర్ చాంపియన్‌షిప్ మూడో రౌండు. బంకర్‌లో క్లబ్ వెనక్కి తీస్తుంటే కాస్త ఇసుక కదిలిందని అతడికి అనిపించింది. పట్టుకున్నవాడు లేడు. అతడే అధికారిని పిలిచి చెప్పాడు. అలా ఇసుక కదిలించడం ఆటలో తప్పు కనుక రెండు స్ట్రోకుల పెనాల్టీ. చివరికి రెండో స్థానంలో ఉన్న మోరికావా కన్నా సరిగ్గా రెండే స్ట్రోకులు వెనకబడి మూడో స్థానంలో నిలిచాడు. ఆ రెండూ లేకుంటే ఇద్దరూ బహుమతి పంచుకునేవారు. అంటే అతడు వదులుకున్నది 25 లక్షల డాలర్లు, 20 కోట్ల రూపాయల పైమాటే.

ఆ ఇసుకకు గోత్రం అడిగినవాడు లేడు. ఎందుకు అడుగుతారు? మన ఇంట్లో పిల్లవాడు పరీక్షలో తనకు పొరపాటున ఎక్కువ మార్కులు పడ్డాయని మాస్టారికి చెప్పి వస్తే, ‘ఎవరు చూశారని చెప్పావురా, వెధవా’ అని నెత్తిన మొట్టేది మనమే కదా! ప్రశ్నపత్రం ముందురోజే కొనిచ్చే తండ్రులు, ఫిజికల్ టెస్టుకు బదులు మనిషిని పంపే అన్నలు, వీళ్లందరికీ అతడి ట్రోఫీలో వాటా కావాలి. సిగ్గు లేదూ? ఆ పెనాల్టీలో వాటా తీసుకోండి ముందు. తలా ఒక రూపాయి వేసుకున్నా 20 కోట్లు కూడవు, మనం అంతమందిమి లేము. ఉన్నా వేయము.