అట్ట కిరీటానికి స్టేజీ మీద చోటు లేదా?

మన చెన్నై తెలుగువాళ్ళ ఉగాది వేడుక రోజు హాల్లో ఏం జరిగిందో చాలామందికి తెలీదు, ఎందుకంటే అప్పటికే మీరంతా పచ్చడి తినేసి పంచాంగ శ్రవణానికి కూర్చున్నారు. స్టేజీ వెనక, పచ్చడి తాగి పారేసిన పేపర్ కప్పుల బుట్ట ఉంది చూడండి, దానికి ఆనించి, నాటకం కోసం ఇంట్లో చేసుకున్న మా గద కనపడింది. ఎవరు పెట్టారో తెలీదు. 16 ఏళ్ళ మా అమ్మాయి ఒక్క మాట కూడా మాట్లాడకుండా దాన్ని తీసి చున్నీతో తుడిచింది. ఇన్ని రోజులైనా అదే నా కళ్ళముందు తిరుగుతోంది, అందుకే రాస్తున్నా.

పాత సినిమా సీను 10 నిమిషాలు ఎవరైనా చేస్తారా అని మన వాట్సాప్ గ్రూపులో అడిగితే మేం మాయాబజార్ అన్నాం. ముందు సరే అన్నారు. తీరా ఉగాది పొద్దున్న మా సామాన్లు చూశాక కమిటీ కుర్రాడు ఒకతను "ఆంటీ, ఇది స్కూల్ ప్రాజెక్టులా ఉంది, డ్రెస్ కంపెనీ వాళ్ళకి చెప్తే కిరీటాలూ నగలూ గంటలో వచ్చేస్తాయి, ఆడియో ట్రాక్ పెట్టేద్దాం, మీరు పెదాలు కదిపితే చాలు" అన్నాడు. అలా మేం చెయ్యం అని చెప్పాం. మా ఐటెం తీసేశారు.

ఆ గద ఎక్కడిదో చెప్తా. 2020 జూన్ 19 నుంచి చెన్నైలో మళ్ళీ గట్టిగా లాక్‌డౌన్ పెట్టారు గుర్తుందిగా, కూరగాయలకి కూడా మధ్యాహ్నం లోపలే వెళ్ళి రావాలి. మా మావయ్యగారికి అప్పుడు 78, ఐసీఎఫ్ రైలు పెట్టెల ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేసి రిటైరైన మనిషి, చేతులు ఊరికే ఉంటే ఆయనకి తోచదు. ఆ నెలాఖర్లోనే హాలీవుడ్ యాక్టర్లు కొంతమంది 1987 నాటి ప్రిన్సెస్ బ్రైడ్ సినిమాని ఎవరింట్లో వాళ్ళు ఫోన్లతో తీస్తే, జేసన్ రైట్‌మన్ అనే డైరెక్టర్ ఆ ముక్కలన్నీ అతికించి చూపించడం మొదలెట్టాడు, ఇంట్లో దొరికిన సామాన్లే కత్తులూ బట్టలూ, ఒకే పాత్ర ఈ సీన్లో ఒకరు వచ్చే సీన్లో ఇంకొకరు, అదంతా ఆకలితో ఉన్నవాళ్ళకి అన్నం పెట్టే వరల్డ్ సెంట్రల్ కిచెన్‌కి సాయంగా చేశారు. మా అమ్మాయికి అప్పుడు 11 ఏళ్ళు, ఫోన్లో ఆ ముక్కలు చూసి "తాతయ్యా, మనమూ ఒకటి చేద్దాం" అంది. ఆయన ఇంకో పేరు ఆలోచించలేదు, మాయాబజారే అన్నారు.

నాలుగు రోజులు మా ఇల్లు ఇల్లులా లేదు. మాపు కర్ర చివర కొబ్బరి పీచు ఉండలా చుట్టి, పైన వంటింటి ఫాయిల్ వేసి, ఫిట్టర్ చేతులు కదా, ఒక్క ముడత లేకుండా నొక్కి గద చేశారు మావయ్యగారు. శుభలేఖల అట్టలతో కిరీటం, దానికి నా పాత గాజుల ముక్కలు. ఘటోత్కచుడి పొట్టకి దిండు కట్టి పైన నా పట్టుచీర. ప్రియదర్శిని పెట్టెకి మాత్రం ఏమీ చెయ్యక్కర్లేకపోయింది. తెరిచిన వాళ్ళకి ఇష్టమైంది కనపడే పెట్టె కదా అది, ల్యాప్‌టాప్ తెరిస్తే హైదరాబాద్‌లో ఇరుక్కుపోయిన మా ఆడపడుచు కొడుకు అభిమన్యుడిగా వీడియో కాల్లో ఉన్నాడు! వివాహ భోజనం సీనుకి లడ్డూలు వాటంతటవే నోట్లోకి రావాలి, సున్నుండలు నోట్లోంచి పళ్ళెంలోకి వదిలి ఆ వీడియో వెనక్కి తిప్పితే సరిగ్గా వచ్చింది. ఆ పాట మావయ్యగారు పాడుతుంటే ఎదురు బాల్కనీలో ఉండే తమిళ మామి "కల్యాణ సమయల్ సాదం" అని అందుకుంది. 1957లో విజయా సంస్థ వాళ్ళు మాయాబజార్‌ని తెలుగులోనూ తమిళంలోనూ తీశారు కాబట్టి ఆవిడకీ అది చిన్నప్పటి పాటే. పదేళ్ళు ఎదురెదురుగా ఉన్నాం, అప్పటిదాకా వాటర్ లారీ వచ్చిందా అన్న మాట తప్ప ఇంకో మాట లేదు మా మధ్య.

ఒక నిజం ఒప్పుకోవాలి. మా అమ్మాయికి తెలుగు చదవడం రాదు, డైలాగులు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంది, తప్పు నాది, ట్యూషన్లకి పంపడానికి దొరికిన టైం అక్షరాలు దిద్దించడానికి దొరకలేదు. కానీ తన గొంతుతో తనే చెప్పాలి కాబట్టి ప్రతి మాటా అడిగింది. అసమదీయులు అంటే ఏంటి తాతయ్యా అంటే, అస్మదీయులు అంటే మనవాళ్ళు, అది రాక్షసుల నోట్లో పడి అలా అయింది, సినిమాకి మాటలు రాసిన పింగళి గారు కావాలనే రాశారు అని ఆయన గంటసేపు చెప్పారు. ట్రాక్ పెట్టి పెదాలు కదిపితే ఈ ప్రశ్న వస్తుందా? మన స్టేజీ మీద పిల్లలు కళ్ళు జిగేల్మనే బట్టల్లో పెదాలు కదుపుతున్నారు, కిందకి దిగాక ఏం చెప్పావమ్మా అని అడగండి, మొహాలు తేలేస్తారు.

కమిటీ బాధ నాకు తెలుసు. హాలు గంటల లెక్కన, స్పాన్సర్ల పేర్లు ఎల్ఈడీ మీద పడాలి, ఫొటోలు బాగా రావాలి, ఒక్కోసారి ఇంటి నాటకం 10 నిమిషాలనుకుంటే అరగంట లాగుతుంది, వెనక కూర్చున్న వాళ్ళకి వినపడదు. ఇవన్నీ నిజాలే. వడపళనిలో అద్దెకి దొరికే కిరీటం మా అట్ట కిరీటం కన్నా వందరెట్లు మెరుస్తుంది, అదీ ఒప్పుకుంటా. పండగంటే గ్రాండ్‌గా ఉండాలని కోరుకోవడం తప్పు కాదు, ఊరు వదిలి వచ్చినవాళ్ళకి ఆ కోరిక ఇంకొంచెం ఎక్కువే ఉంటుంది.

కానీ మన నాటకం ఎక్కడ పుట్టిందో చూడండి. 1885లో కడప జిల్లా సురభి ఊళ్ళో కీచకవధతో మొదలైన సమాజం, తాతా మనవడూ అత్తా కోడలూ అంతా ఒకే కుటుంబం, తెరలు వాళ్ళే లాగి, మాయలు వాళ్ళే చేసి, వేషాలు వాళ్ళే కట్టి తరాల తరబడి ఆడుతున్నారు, మాయాబజార్ కూడా ఆడుతున్నారు. ఇక సినిమా అంటారా, మనం రోజూ దాటే వడపళనిలోనే, ఇప్పుడు మాలూ ఆస్పత్రీ ఉన్న ఆ చుట్టుపక్కలే వాహినీ స్టూడియో. మాయాబజార్‌లో ద్వారకా నగరం మొత్తం 50 అడుగులకి 60 అడుగుల చోట్లో, 300 దాకా బొమ్మ ఇళ్ళు చేసి లోపల చిన్న చిన్న లైట్లు పెట్టి నిలబెట్టారు. అదీ చేత్తో చేసిందే కదా, మార్కస్ బార్ట్‌లీ కెమెరా దాన్ని ఊరంటే మనం ఊరే అనుకున్నాం.

అమెరికా వాళ్ళు ఫోన్లతో తీసిన ప్రిన్సెస్ బ్రైడ్‌లో చివరి సీను గురించి కూడా చెప్పాలి. అసలు సినిమా తీసిన రాబ్ రైనర్ మనవడి వేషం వేశాడు, ఆయన నాన్న కార్ల్ రైనర్ తాత వేషం. 98 ఏళ్ళ ఆ పెద్దాయన 2020 జూన్ 29న పోయారు. మావయ్యగారు మరుసటి ఏడు పోయారు. ఆయనవి పెళ్ళి ఫొటోలు ఉన్నాయి, రిటైర్మెంట్ ఫొటోలు ఉన్నాయి, అన్నిట్లోనూ బిగుసుకుని కూర్చుని ఉంటారు. ఆయన నవ్వు, గొంతు, గద భుజాన వేసుకుని నడిచే నడక, అన్నీ ఉన్నది ఆ 14 నిమిషాల ఫోన్ వీడియోలోనే.

నడక అంటే గుర్తొచ్చింది. మాయా శశిరేఖ అంటే లోపల ఉన్నది ఘటోత్కచుడు, అందుకే సావిత్రి ఎస్వీ రంగారావులా దర్జాగా అడుగులేస్తుంది. ఆ వేషం వేసిన మా అమ్మాయికి రంగారావు తెలీదు, తాతయ్య తెలుసు. ఆయన కుడి మోకాలి నొప్పితో కొంచెం ఒరిగి నడుస్తారు, మాట మొదలెట్టే ముందు కళ్ళజోడు పైకి తోసుకుని గొంతు సవరించుకుంటారు. అదంతా పట్టేసింది. ఉగాదికి రిహార్సల్స్ చేసుకుంటుంటే ఐదేళ్ళు దాటినా అదే ఒరగడం, లేని కళ్ళజోడు తోసుకోవడం, మా వారు చూడలేక వంటింట్లోకి వెళ్ళిపోయారు. అది మీ అందరికీ చూపిద్దామని తీసుకొచ్చాం ఆ రోజు.

కాబట్టి కమిటీ పెద్దలకి నా మనవి. అద్దె కిరీటాలు మానెయ్యమనట్లేదు, వచ్చే సంక్రాంతికి ఒక్క 20 నిమిషాలు ఇళ్ళల్లో తయారైన వాటికి ఇవ్వండి. సొంత గొంతు, ఇంటి సామాను, ఇంటి పెద్దవాళ్ళు ఒకరు తప్పనిసరి. మైకులు సరిగ్గా పెట్టించండి, టైం దాటితే గంట కొట్టండి, దిగిపోతాం. ఎవరింట్లో చోటు లేకపోతే మా మేడ మీదకి రండి, ఆదివారాలు సాయంత్రం ఖాళీగానే ఉంటుంది, మామి కూడా పాడతానంది. గద బాగు చేశాం. ఊడిపోయిన పీచు కింద నుంచి మళ్ళీ కట్టాం, ఫాయిల్ మాత్రం మావయ్యగారు నొక్కిందే ఉంచాం.