ఆకాశంలో ఏం కనిపించిందని అడిగితే చెప్పే దిక్కుండాలి

2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలం మొగిలిగుండ్ల పొలాల్లో పెద్ద వింత వస్తువొకటి ఆకాశం నుంచి దిగింది. చుట్టుపక్కల ఊళ్ల జనం బండ్లేసుకుని వచ్చి చూశారు. గ్రహాంతరవాసులు దిగారంటూ వీడియోలు ఫోన్లలో తిరిగాయి. అసలు సంగతి తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. హైదరాబాద్‌లో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వాళ్ల బెలూన్ కేంద్రం ఉంది. పర్యాటకులను బెలూన్‌లో స్ట్రాటోస్ఫియర్ (విమానాలు ఎగిరే ఎత్తుకు పైనుండే గాలిపొర) దాకా తీసుకెళ్లాలనుకుంటున్న హేలో స్పేస్ అనే స్పెయిన్ కంపెనీ, తన నమూనా క్యాప్సూల్‌ను అక్కడి నుంచి పరీక్షగా పంపింది. మనుషులెవరూ లేని ఆ క్యాప్సూల్ సుమారు 37 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లి, మొగిలిగుండ్లలో దిగింది.

నిజం తెలిశాక అమెరికాలోని మన తెలుగువాళ్ల గ్రూపుల్లో చాలామంది నవ్వుకున్నారు. బెలూన్‌ను చూసి ఏలియన్స్ అనుకున్నారట మనోళ్లు, అని. ఆ నవ్వు నాకు నచ్చలేదు. మనం ఉంటున్న ఈ దేశం 1947 నుంచీ ఒక బెలూన్ గురించే కొట్లాడుకుంటోంది మరి.

ఆ ఏడాది వేసవిలో న్యూమెక్సికోలోని రాస్‌వెల్ దగ్గర ఒక రాంచ్‌లో రబ్బరు ముక్కలు, వెండిరంగు రేకు, కట్టెపుల్లలు దొరికాయి. ‘ఎగిరే పళ్లెం’ దొరికిందని ముందుగా ప్రకటించింది సైన్యమే. ఆ వెంటనే మాట మార్చి, వాతావరణ బెలూన్ అంది. అది ప్రాజెక్ట్ మోగుల్ బెలూన్ల శకలమని వైమానిక దళం చెప్పింది 1994లో. సోవియట్ యూనియన్ అణుపరీక్షల శబ్దాన్ని చాలా ఎత్తులో పట్టుకోవడానికి మైక్రోఫోన్లు కట్టి వదిలిన రహస్య బెలూన్లవి. 47 ఏళ్లు ఆలస్యంగా వచ్చిన జవాబును ఎంతమంది నమ్ముతారు? అప్పటికే రాస్‌వెల్ చుట్టూ శవాల కథలు, దాచిపెట్టిన వాహనాల కథలు అల్లుకుపోయాయి.

అక్కడా బెలూనే, ఇక్కడా బెలూనే. మొగిలిగుండ్లలో వెంటనే చెప్పారు కాబట్టి పుకారు అక్కడితో ఆగింది. రాస్‌వెల్‌లో దాచారు కాబట్టి తరాలు దాటింది. యూఎఫ్‌ఓల (ఏమిటో తేలని ఎగిరే వస్తువుల) మీద జరిగే వాదనలో నా పక్షం ఇదే: చూసినవాడి తెలివిని వెక్కిరించే ముందు, చెప్పాల్సినవాళ్లు చెప్పారా లేదా అని అడగాలి.

అన్నీ బెలూన్లేనని నేను అనడం లేదు. అమెరికా వైమానిక దళం ప్రాజెక్ట్ బ్లూ బుక్ పేరుతో 1969 దాకా 12,618 ఘటనలు నమోదు చేసింది. వాటిలో 701 ఏమిటో తేల్చలేకపోయింది. 2004 నవంబరులో కాలిఫోర్నియా తీరానికి దూరంగా అమెరికా విమానవాహక నౌక నిమిట్జ్ పైలట్ డేవిడ్ ఫ్రేవర్, రెక్కల్లేని తెల్లటి వస్తువు ఒకటి తన విమానం కదలికలకు బదులిస్తున్నట్టు తిరిగి, ఒక్కసారిగా మాయమైందని చెప్పారు. ఆయన్ని అబద్ధాలకోరు అనడానికి నాకు నోరు రాదు. అలాగని దాన్ని వేరే గ్రహం నుంచి వచ్చిన వాహనమని రాసేయడానికి చెయ్యీ రాదు. తేల్చడానికి సరిపడా సమాచారం బయట లేదు, అంతే.

సమాచారం ఉన్నచోట ఏం జరుగుతుందో, అమెరికా నౌకాదళ విమానం నుంచి తీసిన ‘గోఫాస్ట్’ వీడియో చూపించింది. సముద్రం మీద ఏదో దూసుకుపోతున్నట్టు కనిపించే ఆ దృశ్యాన్ని నాసా నియమించిన బృందం 2023లో లెక్కగట్టింది. తెర మీద కనిపించే అంకెలతోనే, ఆ వస్తువు సుమారు 13 వేల అడుగుల ఎత్తులో, గంటకు 40 మైళ్ల వేగంతో పోతోందని తేల్చింది. చూస్తున్న విమానం వేగంగా పోతుండటం వల్ల ఆ వస్తువే దూసుకుపోతున్నట్టు అనిపించింది. శిక్షణ పొందిన పైలట్లే ఆశ్చర్యపోయిన దృశ్యం అది. మరి దేవరకొండ దగ్గర పత్తిచేనుకు పోయే రైతును చూసి నవ్వడానికి మనమెవరం?

ఆ రైతుకు నిజంగానే వింతలు కనబడతాయి. హైదరాబాద్ నుంచి ఎగరేసే పరిశోధన బెలూన్లు పల్చటి పాలిథిన్‌తో చేసినవి, 50 నుంచి 85 మీటర్ల వ్యాసం ఉంటాయి. హైడ్రోజన్ నింపితే 30 నుంచి 42 కిలోమీటర్ల ఎత్తుకు పోతాయి. కింద ఇంకా చీకటి ఉండగానే ఆ ఎత్తులో ఎండ పడుతుంది. తెల్లవారుజామున అంత పెద్ద వస్తువు పైన ఎక్కడో మెరుస్తూ, కదలనట్టే నిలబడి ఉంటే ఏమనుకోవాలి? ఇదివరకైతే కొరివి దయ్యం అనేవాళ్లు, ఇప్పుడు ఏలియన్స్ అంటున్నారు.

ఎగరేసే ముందు ఆ కేంద్రం ప్రకటన ఇస్తుంది. నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పేర్లు అందులో ఉంటాయి. పరికరాలు రంగుల ప్యారాచూట్లతో హైదరాబాద్‌కు 200 నుంచి 350 కిలోమీటర్ల దూరంలో కూడా దిగొచ్చనీ, కొన్నింటిలో హై వోల్టేజీ ఉంటుంది కాబట్టి ముట్టుకోవద్దనీ, కబురు చెప్పినవాళ్లకు బహుమతి ఇస్తామనీ అందులో రాస్తారు. మంచి పద్ధతే. కానీ పేపర్లో ఒక మూలన పడే ఆ ప్రకటన, పేపరే రాని తండాకు ఎలా చేరుతుంది? కరెంటు కోతకు, రేషన్ బియ్యానికి వేసే చాటింపు దీనికి ఎందుకు వేయకూడదు? 1979లో అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ పడబోతోందని తెలిసి, ఇక బతకమనుకుని కోళ్లను, మేకలను కోసుకుతిన్న కథలు మన ఇళ్లలో ఇంకా చెప్పుకుంటారు. అది చివరికి హిందూ మహాసముద్రంలో, ఆస్ట్రేలియా పడమటి ప్రాంతంలో పడింది. ఊళ్లను అంత భయపెట్టింది సగం సగం చేరిన కబురే.

మన వంతూ ఉంది. మొన్నామధ్య మిర్యాలగూడ నుంచి మా మేనల్లుడు వరసగా పోతున్న చుక్కల వీడియో పంపి, ‘‘మామా, ఇవేంది?’’ అన్నాడు. ఎన్ని గంటలకు చూశావు, ఏ దిక్కు నుంచి ఏ దిక్కుకు పోయాయి, ఎంతసేపు కనబడ్డాయి అని అడిగాను. ఓపిగ్గా చెప్పాడు. ఇద్దరం కలిసి వెతికితే ఆ సాయంత్రం అటుగా పోయిన స్టార్‌లింక్ అనే ఇంటర్నెట్ ఉపగ్రహాల వరుసని తేలింది. ఫార్వర్డ్ కొట్టే ముందు ఈ మూడు ప్రశ్నలు వేసినా చాలు. జవాబు దొరక్కపోతే, దొరకలేదనే రాసి పెట్టుకుందాం.

ఇక్కడి మన తెలుగు సంఘం ఏటా సొంత జిల్లాల బడులకు బెంచీలు, పుస్తకాలు ఇస్తోంది. ఈసారి ఇంకో పని కూడా పెట్టుకోమని కార్యవర్గాన్ని అడుగుతున్నాను. బెలూన్ కేంద్రం ప్రకటనను తేలిక తెలుగులో పోస్టరుగా అచ్చువేయించి, నల్గొండ, పాలమూరు పంచాయతీలకూ బడులకూ పంపుదాం. పరికరాల పెట్టె దిగిన ఊరి బడికి ఒక శాస్త్రవేత్త వచ్చి, ఆ పెట్టెలో ఏముందో, అది పైన ఏం కొలిచిందో పిల్లలకు చెప్పేలా ఆ కేంద్రానికి ఉత్తరం రాద్దాం. రాకపోకల ఖర్చు మనం పెట్టుకుందాం.