చిరంజీవి థర్మోకోల్ భూగోళానికి

చిరంజీవి థర్మోకోల్ భూగోళాన్ని దీవించి నీ సైన్సు టీచరు వ్రాయునది ఏమనగా,

ఇక్కడ మేమంతా క్షేమం అని రాయబోయి ఆగాను. నువ్వు క్షేమమేనని మాత్రం గట్టిగా చెప్పగలను. చిరంజీవి అన్నది నీ విషయంలో దీవెన కాదు, రసాయనశాస్త్రం. నేను రిటైరై, నా మనవలు రిటైరైనా, నువ్వు కాపులుప్పాడ డంపింగ్ యార్డులో ఎక్కడో కుళ్ళకుండా, కరగకుండా గుండ్రంగానే ఉంటావు.

భూమి వేడెక్కుతోందని చెప్పడానికి మా బడి సైన్స్ ఫెయిర్‌లో నిలబెట్టిన నీ వైభోగం చూసి రాస్తున్నాను ఈ ఉత్తరం. నోట్లో థర్మామీటరు, నుదుటి మీద తడిగుడ్డ, కళ్ళల్లో గ్లిజరిన్ చుక్కలు. పిల్లాడు నిన్ను పట్టుకుని నిలబడితే వాళ్ళమ్మ వెనకనించి "నవ్వకురా, భూమి ఏడుస్తోంది" అంటుంది. రాత్రి పన్నెండింటి దాకా నిన్ను అంటించింది ఆవిడే మరి. న్యాయనిర్ణేతలొస్తారు, "ఎక్సలెంట్" అంటారు, పోతారు. ఒంట్లో నూటికి తొంభై అయిదు పాళ్ళు గాలే ఉన్నా అంత మర్యాద సంపాదించినవాళ్ళు ఈ విశాఖపట్నంలో చాలామందే ఉన్నారులే, నిన్నొక్కదాన్నీ అనడం దేనికి.

పర్యావరణం అన్ని తరగతుల్లోనూ చెప్పి తీరాలని సుప్రీంకోర్టు 1991లోనే అంది. నీ పేరు మాత్రం ఎత్తలేదు. పైగా అలంకరణకు వాడే థర్మోకోల్‌ని కేంద్రం 2022 జూలై 1 నుంచి నిషేధించింది కూడా. అందుకని స్టాకు రిజిస్టర్లో నిన్ను అలంకరణ అని రాయలేదు, టీఎల్ఎం అని రాశాను. బోధనోపకరణానివి. నీ మీద ఈగ వాలదు.

నిజానికి నీ పండగ జూన్ 5. ఆ రోజున మాకు వేసవి సెలవులు. ఎండలకని సెలవులిస్తారు కనక, ఎండలు ఎందుకు ముదురుతున్నాయో చెప్పాల్సిన రోజున వినేవాళ్ళుండరు. 2023లో అయితే బళ్ళు తెరిచాక కూడా ఎండ వదల్లేదు, జూన్‌లో ఒంటిపూటే నడిపాం. అంచేత నీ ఊరేగింపు సెప్టెంబరు 16కి, ఓజోన్ దినానికి, మారింది. దాంతో వచ్చింది చిక్కు. ఎవరో నీ నెత్తి మీద నల్ల స్కెచ్ పెన్నుతో ఓ కన్నం గీశారు. అప్పట్నించి క్లాసులో సగానికి సగం "ఓజోన్ పొరకి చిల్లు పడి అందులోంచి వేడి దిగుతోంది" అని రాస్తున్నారు. చిల్లు వేరు, దుప్పటి వేరు అని చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది. ఓజోన్ ఆపేది అతినీలలోహిత కిరణాల్ని. 1987 మాంట్రియల్ ఒప్పందం పుణ్యమా అని ఆ చిల్లు మెల్లగా పూడుతోంది కూడా. మనల్ని ఉడికిస్తున్నది బొగ్గు, పెట్రోలు కాల్చి మనం పైన కప్పుకుంటున్న కార్బన్ డయాక్సైడ్ దుప్పటి. 1958లో హవాయిలో కొలవడం మొదలెట్టినప్పుడు గాలిలో అది పది లక్షల పాళ్ళకి 315 పాళ్ళు, ఇప్పుడు 420 దాటింది. ఈ అంకె నీ ఒంటి మీద ఎక్కడా రాయలేదు. చోటు లేదట. థర్మామీటరుకి సరిపోయింది.

భాష కూడా నీ పక్షమే అనుకో. మనకి గాలిపొరా వాతావరణమే, ఇవాళ మబ్బేసిందా అన్నదీ వాతావరణమే. ఏళ్ళ తరబడి ఉండే వాతావరణం తీరుకి పుస్తకంలో శీతోష్ణస్థితి అని మంచి మాట ఉంది గానీ పేపరువాళ్ళు దాన్నీ వాతావరణ మార్పే చేశారు. పొద్దున్న ఎండకాసి మధ్యాహ్నం వాన పడితే, "టీచర్, వాతావరణ మార్పు!" అని వెనక బెంచీ కేకేస్తుంది. ఇక హరితగృహం అంటే ఆకుపచ్చ రంగేసిన ఇల్లు అని ఒకడు, చుట్టూ మొక్కలున్న ఇల్లని ఇంకొకడు. ఈ ఊళ్ళో గాజు ఇంట్లో మొక్కలు పెంచేదెవరు గనక? బీచ్ రోడ్డులో అద్దాలు బిగించి ఎండలో వదిలేసిన కారులో కూచున్నట్టు అన్నాక అందరి మొహాలూ వెలిగాయి. ఆ ముక్క నువ్వు చెప్పలేదు సుమా.

నీ నెత్తిన నిలబడ్డ ఆ తెల్ల ఎలుగుబంటి సంగతి అడగాలి. మా పిల్లల్లో ఒక్కరూ దాన్ని చూడలేదు, ఇందిరాగాంధీ జూలో కూడా. అది నిలబడ్డ మంచు కరిగి ఆర్‌కే బీచ్ మునుగుతుందని నీ పక్కన చార్టు. నేనో పని చేశాను. చేపలావిడ దగ్గర పది రూపాయల ఐసు తెచ్చి రెండు గాజు గ్లాసులు పెట్టాను. ఒక దాంట్లో ఐసు నీళ్ళల్లో తేలుతోంది. రెండోదాని మూతి మీద చిల్లుల గరిట, దాని మీద ఐసు. నీటిమట్టాల దగ్గర గీతలు. ఏ గ్లాసు పొంగుతుందంటే అందరూ మొదటిదే అన్నారు. పీరియడ్ అయ్యేసరికి మొదటిదాంట్లో నీళ్ళు గీత దగ్గరే ఉన్నాయి, రెండోది గీత దాటింది. నీ ఎలుగుబంటి నిలబడింది మొదటి గ్లాసులో నాయనా. సముద్రాన్ని పెంచేది నేల మీది మంచు, గ్రీన్‌లాండ్‌దీ అంటార్కిటికాదీ. దానికి తోడు వేడెక్కిన నీళ్ళు తామే ఉబ్బుతాయి. 1901 నుంచి 2018 లోపల ప్రపంచ సముద్రమట్టం 20 సెంటీమీటర్లు పెరిగింది. జానెడు.

ఆర్‌కే బీచ్ ఇసుక పోవడం అంతా ఆ జానెడు పాపమేనా అంటే, అదీ కాదు. మన తీరం వెంట ఏడాది మొత్తం మీద ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. 1970ల్లో కట్టిన ఔటర్ హార్బర్ గోడలు దానికి అడ్డం పడ్డాయి. అందుకే హార్బర్ దగ్గర తవ్విన ఇసుకని పోర్టువాళ్ళు బీచ్‌లో పోయిస్తుంటారు. ఈ మాట ఒక పిల్లాడు సైన్స్ ఫెయిర్‌లో చెబితే న్యాయనిర్ణేతగారు "బాబూ, నీ టాపిక్ గ్లోబల్ వార్మింగ్ కదా" అన్నారు. వాడు నోరు మూసుకున్నాడు. నేనూ మూసుకున్నాను.

ఇంకో మాట, నీ పుట్టింటి గురించి. స్టైరీన్ అనే ద్రవం గట్టిపడి, ఉబ్బి, నువ్వయ్యావు. 2020 మే 7 తెల్లవారుజామున మన ఊళ్ళోనే ఆర్.ఆర్.వెంకటాపురం ఫ్యాక్టరీలో చల్లగా ఉండాల్సిన స్టైరీన్ ట్యాంకు ఒకటి వేడెక్కింది. ఆవిరి ఊరి మీదికొచ్చింది. 12 మంది పోయారు. నీ పక్కన చార్టులో "నేను కన్నతల్లిని" అని రాసి ఉంటుంది. ఆ చార్టు మూడేళ్ళుగా నేనే మేకులు కొట్టి తగిలిస్తున్నాను.

పోయినసారి నీతో పోటీకి నిలబడింది ఒక నోటుపుస్తకం. పెదజాలరిపేట పిల్లది. హుద్‌హుద్ తుపాను రోజున, అంటే 2014 అక్టోబరు 12న, ఏం జరిగిందో ఇంట్లో అడిగి రాసుకురమ్మన్నాను. వీళ్ళకి అప్పటికి ఊహ తెలీదు. తక్కినవాళ్ళు పాలప్యాకెట్టు ధరా, కరెంటు లేని రోజుల లెక్కా రాశారు. ఈ పిల్ల వాళ్ళ మామ్మ మాటే రాసుకొచ్చింది: "మజ్జేనం గాలి ఒక్కసారే ఆగిపోనాదంట. అయిపోనాదనుకుని అందరూ బయటికొచ్చీసినారంట. మళ్ళీ అటేపు నుంచి కొట్టిందంట." తుపాను కన్ను, అంటే దాని నడిమధ్య గాలి ఆగే చోటు, మన మీదుగా పోయిందని బళ్ళో చదవని మామ్మ ఇంత సూటిగా చెప్పింది. ఆ ఒక్క తుపాను వాతావరణ మార్పు వల్లే వచ్చిందని నేను చెప్పలేను, చెప్పలేదు. సముద్రం 26, 27 డిగ్రీలు దాటితే తుపానుకి మేత దొరుకుతుందని, గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని మోస్తుందని, ఆ మోసిన నీళ్ళు మన నెత్తినే దింపుతుందని చెప్పాను. మామ్మ గాలి దగ్గర మొదలెట్టబట్టి ఆ పీరియడ్‌లో ఎవరూ గంట వైపు చూడలేదు.

నోటుపుస్తకానికి కన్సొలేషన్. మొదటి బహుమతి నీకే. "మోడల్ ఏదమ్మా?" అని అడిగారు ఆ పిల్లని. మామ్మని తీసుకురావాల్సింది.

అన్నట్టు, నిన్న బీరువా మీద నుంచి దింపుతుంటే నీ బంగాళాఖాతం ఊడి చేతిలోకొచ్చింది. ఫెవికాల్‌తో మళ్ళీ అంటించాను. కాస్త కిందికి జరిగినట్టుంది, శ్రీలంక కనబడటం లేదు. కంగారుపడకు, ఎవరూ చూడరు.

ఇట్లు,
నీ టీచరు