ఎనిమిది నామినేషన్లు వచ్చాయి, జాన్ కజేల్‌కి తప్ప

హాలీవుడ్ నటుడు జాన్ కజేల్ నటించిన సినిమాలు అయిదే. అయిదూ ఉత్తమ చిత్రం ఆస్కార్‌కి నామినేట్ అయ్యాయి, మూడు గెలిచాయి. ఇది హాలీవుడ్ అభిమానులకి కంఠతా వచ్చిన లెక్క. రెండో లెక్కే ఎవరూ చెప్పరు. సహాయ నటుడి విభాగంలో ‘గాడ్‌ఫాదర్’ నుంచి ముగ్గురు, రెండో భాగం నుంచి ముగ్గురు, ‘డాగ్ డే ఆఫ్టర్‌నూన్’ నుంచి క్రిస్ సరాండన్, ‘డీర్ హంటర్’ నుంచి క్రిస్టఫర్ వాకెన్ నామినేట్ అయ్యారు. ఆ ఎనిమిది మందిలో కజేల్ లేరు. సీన్‌ని లాక్కునేవాడికే ఓట్లు పడతాయి. ఎదుటివాడి చేతిలో పెట్టేవాడికి పడవు.

‘గాడ్‌ఫాదర్ 2’లో తమ్ముడు మైఖేల్ (అల్ పచీనో) అన్న ఫ్రెడోని (కజేల్) నిలదీసే సీన్ మళ్లీ చూడండి. ఫ్రెడో వాలుకుర్చీలో దాదాపు పడుకుని ఉంటాడు. నన్ను దాటేశారని అరుస్తాడు, చేతులు గాల్లో కొట్టుకుంటాయి, ఒళ్లు మాత్రం కుర్చీలోంచి లేవదు. ఇంకో నటుడైతే ఆ మాట దగ్గర లేచి నిలబడేవాడు. అప్పుడది ఇద్దరు అన్నదమ్ముల పోట్లాట అయిపోయేది. ఫ్రెడో లేవకపోవడం వల్లే కదలకుండా ఉన్న పచీనో అంత భయంకరంగా కనిపిస్తాడు.

బ్యాంకు దోపిడీ కథ ‘డాగ్ డే’లో ఏ దేశం వెళ్దామని పచీనో అడిగితే కజేల్ ‘వయోమింగ్’ అంటాడు, అమెరికాలోనే ఉన్న రాష్ట్రం పేరు. స్క్రిప్టులో లేని మాట. నవ్వించాలన్న ఛాయ రవ్వంత ఉన్నా చెడిపోయేది. నిజంగానే ఆలోచించి చెప్పినట్టు అంటాడు కాబట్టే, అది దేశం కాదని చెప్పాల్సిన పచీనో మీద మనకి జాలి కలుగుతుంది.

ఈ పని రంగస్థలం మీద నేర్చుకున్నదే. ‘ది ఇండియన్ వాంట్స్ ది బ్రాంక్స్’ నాటకంలో కజేల్ పాత్ర గుప్తా, న్యూయార్క్‌లో కొడుకుని వెతుక్కునే మనవాడు. హిందీ తప్ప ఇంకో ముక్క రాదు. (ఆ పాత్ర ఇవాళ తెల్ల నటుడికి ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా.) మాట సాయం చెయ్యదు కాబట్టి, ఏడిపించే ఇద్దరు కుర్రాళ్ల గొంతు, అడుగు గమనిస్తూనే నాటకమంతా నడపాలి. ఈ నాటకానికే 1968లో కజేల్‌కీ పచీనోకీ ఓబీ అవార్డులు (న్యూయార్క్ చిన్న థియేటర్ల నాటకాలకిచ్చేవి) వచ్చాయి.

అదృష్టం కొద్దీ మంచి దర్శకులు దొరికారనేవాళ్లున్నారు. కానీ ‘డాగ్ డే’లో కజేల్ పాత్రకి మూలమైన నిజజీవితపు దొంగ వయసు 18, కజేల్‌కి 40 దగ్గర. దర్శకుడు సిడ్నీ లూమెట్‌కి మొదట నమ్మకం కుదరలేదు. పచీనో పట్టుబట్టాడు. చదివి వినిపించాకే పాత్ర దక్కింది.

2025 సినిమాలతో ఆస్కార్‌లో కాస్టింగ్‌కీ, అంటే నటుల ఎంపికకీ, అవార్డు మొదలైంది. సంతోషమే, కానీ యాభై ఏళ్లు ఆలస్యం. ‘గాడ్‌ఫాదర్’కి ఫ్రెడో పాత్రకి నటుణ్ణి వెతికిన కాస్టింగ్ డైరెక్టర్ ఫ్రెడ్ రూస్‌కి కజేల్ కనిపించింది ఒక చిన్న థియేటర్లో, ‘లైన్’ అనే నాటకంలో. అలాంటి థియేటర్లో టికెట్ కొని కూర్చునే కాస్టింగ్ డైరెక్టర్‌కే ఆ బొమ్మ దక్కాలి.