మనసు మార్చుకునే హక్కు

డిగ్రీ ప్రవేశాల రోజుల్లో ఏ మండల కేంద్రంలోనైనా నెట్ సెంటర్ దగ్గర కాసేపు నిలబడి చూడండి. తండ్రి చేతిలో ఆధార్ జిరాక్సు, కూతురి చేతిలో ఓటీపీ కోసం పట్టుకున్న ఫోను. డిగ్రీ సీట్లకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టే ‘దోస్త్’ వెబ్‌సైట్ తెరిచి ఆపరేటరు అడుగుతాడు: ‘ఏ గ్రూపు పెట్టమంటారు?’ తండ్రి కూతురి వంక, కూతురు ఆపరేటరు వంక చూస్తారు. ‘అందరూ బీకాం కంప్యూటర్సే పెడుతున్నారు’ అంటాడతను. వెనక ఇంకా పదిమంది ఉన్నారు. మూడేళ్ల చదువు అయిదు నిమిషాల్లో తేలిపోతుంది.

ఆ చదువు తనకు సరిపడదని ఆ అమ్మాయికి తెలిసేది తరగతిలో కూర్చున్నాకే. పద్దెనిమిదేళ్ల పిల్ల మనసు మార్చుకోవడం సహజం. అందుకు మన కాలేజీలు సిద్ధంగా ఉన్నాయా అన్నదే మా ప్రశ్న.

కాగితం మీద వెసులుబాట్లకు కొదవలేదు. తెలంగాణలో 2016 నుంచి దోస్త్ పుణ్యమా అని కాలేజీకో దరఖాస్తు పెట్టే బాధ తప్పింది. ఏడాదితో ఆపితే సర్టిఫికెట్, రెండేళ్లకు డిప్లొమా, మూడేళ్లకు డిగ్రీ ఇవ్వాలని, నాలుగేళ్ల డిగ్రీ కూడా ఉండాలని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది. చదివి పాసైన సబ్జెక్టులకు వచ్చే క్రెడిట్లను ఏడేళ్ల దాకా దాచుకుని వాడుకునే ఏర్పాటును 2021లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) తెచ్చింది.

అయితే కాలేజీ మారతానంటూ ఆఫీసు కిటికీ దగ్గరికెళ్లిన విద్యార్థికి తరచూ వినిపించే మాట వేరు: ‘మూడేళ్ల ఫీజూ కట్టి టీసీ తీసుకుపో.’ పదో తరగతి, ఇంటర్ మెమోలు లోపల బీరువాలో ఉంటాయి. అవి చేతికి రాకుండా ఇంకోచోట చేరేదెలా? ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయి పడినా ఆ తాళం పడేది పిల్లల సర్టిఫికెట్లకే. సర్కారు చేసిన బాకీకి పేదింటి పిల్లను జామీను పెట్టడం దుర్మార్గం.

ఇలా చేయడం నిబంధనలకు విరుద్ధం కూడా. ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోరాదని 2018లోనే యూజీసీ స్పష్టంగా ఆదేశించింది. ప్రవేశాల గడువుకు పదిహేను రోజులు, అంతకు ముందే మానుకుంటే స్వల్ప ఖర్చులు మినహా ఫీజంతా, ఆ తర్వాతైతే గడువులోపు 90 శాతం, గడువు దాటిన పదిహేను రోజుల్లోపు 80 శాతం, నెలలోపు సగం వెనక్కివ్వాలంది. ఈ లెక్క ఎన్ని కాలేజీల నోటీసు బోర్డుల మీద కనిపిస్తోంది? ఫీజు కట్టిన తండ్రికి ఆ సంగతి ఎవరు చెప్పారు?

ఫీజు రసీదు వెనకే ఆ పట్టికను తెలుగులో అచ్చువేయాలని ఉన్నత విద్యామండలి ఆదేశించాలి. సర్టిఫికెట్లు బిగబట్టిన కాలేజీ అనుబంధ గుర్తింపుపై విశ్వవిద్యాలయాలు చర్య తీసుకోవాలి. ఇంటర్ రెండో ఏడాది పరీక్షలకు ముందే, ఏ గ్రూపులో ఏం చదవాల్సి ఉంటుందో, తర్వాత ఏ దారులుంటాయో చెప్పగల లెక్చరర్ ఒకరు ప్రతి జూనియర్ కాలేజీలో వారానికో పూట పిల్లలకు అందుబాటులో ఉండాలి. గ్రూపు పేరు ఆ అమ్మాయి నెట్ సెంటర్‌లో మొదటిసారి వినే పరిస్థితి వచ్చే వేసవికైనా ఉండకూడదు.