కారు టోటల్ లాస్ అయితే కొత్త కారు డబ్బులు ఇస్తారా?

టోటల్ లాస్ అంటే బండిని బాగుచేయించడం దండగని ఇన్సూరెన్స్ కంపెనీ తేల్చేయడం. వానాకాలం వస్తే వాట్సాప్ గ్రూపుల్లో ఈ మాట తిరుగుతుంది: "రిపేరు ఖర్చు కారు ధరలో 75 శాతం దాటితే టోటల్ లాస్. కొత్త కారు డబ్బు మొత్తం ఇవ్వాల్సిందే. జీరో డెప్ ఉంటే రూపాయి కూడా తగ్గదు. లోను సంగతి ఇన్సూరెన్స్ వాళ్లే చూసుకుంటారు. పాడైన బండి కూడా మనదే."

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో కార్లు మునిగినప్పుడు మా అన్నయ్య ఇదే నమ్మాడు. ఆఖరికి చేతికొచ్చిన డబ్బు చూసి ఎంత కుంగిపోయాడో నాకు తెలుసు. అందుకే ఇది రాస్తున్నాను.

75 శాతం అన్న అంకె నిజమే. కానీ అది కారు ధరలో కాదు, పాలసీ మీద రాసి ఉండే ఐడీవీలో (ఇన్సూర్డ్ డిక్లేర్డ్ వాల్యూ, అంటే బీమా కోసం బండికి కట్టిన విలువ). కంపెనీ ఇచ్చేది కూడా ఆ ఐడీవీయే. బండి ఎక్స్ షోరూమ్ ధరలోంచి వయసును బట్టి తరుగు తీసేసి దాన్ని లెక్కకడతారు. ఆరు నెలల్లోపు బండికి 5 శాతం, ఏడాదిలోపు 15, రెండేళ్లలోపు 20, మూడేళ్లలోపు 30, నాలుగేళ్లలోపు 40, ఐదేళ్లలోపు 50 తగ్గుతుంది. ఐదేళ్లు దాటితే మనమూ కంపెనీ మాట్లాడుకుని ఒప్పుకున్నంత. రోడ్ ట్యాక్సు, రిజిస్ట్రేషన్ ఖర్చు ఇందులో కలవవు.

పది లక్షల కారు, వయసు రెండున్నరేళ్లు అనుకోండి. ఐడీవీ 7 లక్షలు. రిపేరు ఎస్టిమేట్ 5 లక్షల 25 వేలు దాటితే టోటల్ లాస్. వచ్చేది 7 లక్షలు, అందులోంచి ఇంజను సైజును బట్టి తప్పనిసరి కోత వెయ్యో రెండు వేలో పోతుంది. ప్రీమియం తగ్గుతుందని రెన్యువల్‌లో ఐడీవీ తగ్గించి రాయించుకునేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. మా అన్నయ్య చేసిందీ అదే. కొన్ని వందలు మిగిలాయని సంతోషించాడు, పోయింది మాత్రం లక్షకు పైనే.

జీరో డెప్ (జీరో డిప్రిసియేషన్) అనే అదనపు కవర్ టోటల్ లాస్‌లో అక్కరకు రాదు. రిపేరు చేయించేటప్పుడు ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు సగం డబ్బు కోసేస్తారు కదా, ఆ కోత లేకుండా చూడటమే దాని పని. బిల్లులో ఉన్న ధర రావాలంటే 'రిటర్న్ టు ఇన్వాయిస్' అనే వేరే కవర్ తీసుకుని ఉండాలి. అది మామూలుగా వయసు తక్కువున్న బళ్లకే ఇస్తారు.

లోను విషయంలో మెసేజ్ సగమే చెబుతోంది. ఆర్సీ మీద హైపోథికేషన్ (బండి బ్యాంకు తాకట్టులో ఉందన్న రాత) ఉంటే డబ్బు ముందు బ్యాంకుకే వెళ్తుంది, మిగిలితే మనకు. కానీ బాకీ ఐడీవీ కంటే ఎక్కువుంటే తేడా మనమే కట్టాలి. కారు లేకపోయినా ఈఎంఐ ఆగదు.

"పాడైన బండి మనదే" అన్న మాట మరీ ప్రమాదం. బండి మనం ఉంచుకుంటే దాని తుక్కు విలువ తీసేసి మిగతాది ఇస్తారు. పూర్తి ఐడీవీ కావాలంటే బండి అప్పగించాలి. రెండూ కావాలంటే కుదరదు. ఎలా తేల్చుకున్నా ఆర్సీని మాత్రం గాలికి వదలొద్దు. ఇలాంటి బళ్ల ఛాసిస్ నంబర్లు దొంగ కార్లకు వేసి అమ్మే ముఠాలున్నాయి. పేరు మనదే ఉంటే పోలీసులు ముందు మన గడపే తొక్కుతారు. బండి ఇక పనికిరాదని తేలాక 14 రోజుల్లోగా ఆర్టీఏకు తెలపాలని మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ చెబుతోంది. బండి ఎవరికి ఇచ్చినా, ఇచ్చినట్టు రాతపూర్వకంగా తీసుకోండి.

కంపెనీ ఐడీవీ కంటే తక్కువకు బేరమాడితే మాత్రం ఒప్పుకోవద్దు. టోటల్ లాస్‌లో ఐడీవీ మీద మళ్లీ తరుగు తీయకూడదు. ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరకు వెళ్లొచ్చు. ఆంధ్ర, తెలంగాణ రెండూ దాని పరిధిలోవే. ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు.