ఇంకొక్కసారి గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఇంకొక్కసారి గారికి, విజయవాడ నుంచి ఒక చెల్లెలు రాసుకున్నది.

మీ అసలు పేరు ఓసీడీ అని, పూర్తిగా పలికితే అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్ అనే మానసిక జబ్బు అని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మా ఇంట్లో మీరు ఎప్పుడూ "ఉండు, ఇంకొక్కసారి చూసొస్తా" అన్న మాటగానే తిరిగారు. చాదస్తం అనుకున్నాం. తాతగారి పోలిక అనుకున్నాం. బ్యాంకులో పనిచేసే మా అన్నయ్యకి ఆ మాత్రం జాగ్రత్త ఉండొద్దా అని మురిసిపోయాం కూడా.

ముందుగా మీ పనితనాన్ని మెచ్చుకోవాలి. అన్నయ్య గ్యాస్ కట్టేస్తాడు. చెయ్యి ఇంకా రెగ్యులేటర్ మీద ఉండగానే అనుమానం వస్తుంది. కట్టానా? లీకై పక్క వాటా వాళ్ల పిల్లలకి ఏమన్నా అయితే? గుండె దడదడలాడుతుంది. అప్పుడు మీరు వినయంగా వచ్చి "దానికేం, ఒక్కసారి చూసుకుంటే పోలా" అంటారు. చూస్తాడు. ప్రాణం కుదుటపడుతుంది. గేటు దగ్గరికి వెళ్లేసరికి మీరిచ్చిన సర్టిఫికెట్‌కి గడువు తీరిపోతుంది, మళ్లీ కొత్త దరఖాస్తు. ఏ మండలాఫీసులోనూ సర్టిఫికెట్ ఇంత త్వరగా చేతికి రాదు, ఇంత త్వరగా చెల్లకుండా పోదు. పైగా వెనక్కి వెళ్లి చూసిన ప్రతిసారీ మెదడు నేర్చుకునే పాఠం ఒకటే. చూశాను కాబట్టి సరిపోయింది, లేకపోతే కొంప అంటుకునేది. అంటుకోని కొంపలన్నీ మీ ఖాతాలో పుణ్యమే.

మీ గుట్టు 2003లో నెదర్లాండ్స్‌లో బయటపడింది. వాన్ డెన్ హౌట్, కిండ్ట్ అనే ఇద్దరు పరిశోధకులు ఏ జబ్బూ లేని వాళ్లని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, తెర మీద ఒక గ్యాస్ స్టవ్ చూపించి, పదే పదే చెక్ చేయించారు. తర్వాత చివరిసారి ఏం చూశారో చెప్పమన్నారు. చెప్పిన జవాబుల్లో పెద్దగా తప్పుల్లేవు. కానీ ఆ జ్ఞాపకం మసకబారింది, దాని మీద వాళ్లకి నమ్మకం పోయింది. అంటే చూసినకొద్దీ గట్టిపడాల్సిన భరోసా, చూసినకొద్దీ కరిగిపోయింది. అనుమానం తీరుస్తానని వచ్చి అనుమానాన్నే పండిస్తున్నారన్నమాట! ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే ఇలా అయితే మా అన్నయ్య సంగతి వేరే చెప్పాలా?

మా అందరికీ ఉద్యోగాలు ఇచ్చినందుకు కూడా కృతజ్ఞతలు చెప్పుకోవాలి. అమ్మ తాళానికి సాక్షి. నేను గ్యాస్‌కి సాక్షిని. గుంటూరు బస్సెక్కాక ఫోన్ వస్తుంది. "చెల్లీ, కట్టేశాను కదా?" "కట్టేశావన్నయ్యా." "నువ్వు చూశావా?" "చూశాను." "నాకోసం చెబుతున్నావేమో?" ఈ చివరి ప్రశ్నకి జవాబు ఏ సాక్షి దగ్గరా ఉండదు. మనుషుల్ని నమ్మలేక రెగ్యులేటర్‌ని ఫోటో తీసుకోవడం మొదలుపెట్టాడు. ఆ ఫోన్‌లో మా అమ్మ ఫోటోలకంటే రెగ్యులేటర్ ఫోటోలే ఎక్కువ. అదీ కొన్నాళ్లే, ఈ ఫోటో నిన్నటిదేమోనని మీరు సందేహం లేవదీశారు.

బయట మాత్రం మీకు ఎంత మంచి పేరో! పోపుల డబ్బాలు వరుసగా సర్దుకునే ప్రతివారూ "నాకూ కొంచెం ఓసీడీ ఉందండీ" అని నవ్వుతారు. వాళ్లకి ఆ సర్దుడులో ఆనందం ఉంది. మా వాడికి ఏడుపు వస్తుంది. అర్థం లేని పనని తెలిసీ ఆపలేకపోతాడు. రోజుకి గంటకు పైగా తినేస్తేనో, ఉద్యోగానికీ సంసారానికీ అడ్డం పడితేనో మిమ్మల్ని జబ్బు అంటారు డాక్టర్లు. జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు మీ పాలబడేవారు వందకి ఇద్దరు ముగ్గురు ఉంటారట. మరి మిగతా డబ్బాల సంఘం ఎక్కడి నుంచి వచ్చినట్టు?

మన ఇళ్లలో మీరు దాక్కోవడానికి చోటు కూడా బాగా దొరికింది. ఒకావిడ రెండు గంటలు కుళాయి కింద చేతులు కడిగితే "ఎంత మడి, ఎంత ఆచారం" అంటారు. చర్మం పగిలి రక్తం కారినా ఆచారమే.

కుళాయి, తాళం, గ్యాస్ కనీసం కంటికి కనబడతాయి. మీ అసలు దుర్మార్గమంతా కనబడనిచోట నడుస్తుంది. బిడ్డకి నీళ్లు పోస్తున్న తల్లికి "చెయ్యి జార్చేస్తే?" అన్న ఆలోచన, గుళ్లో దణ్ణం పెడుతున్నవాడికి దేవుడి మీద బూతు మాట. రాగానే గజగజ వణికిపోతారు. అది చెరిపేయాలని మనసులోనే పేర్లు జపిస్తారు, లెక్కపెడతారు, మొదటినుంచి మళ్లీ మొదలుపెడతారు. పక్కన కూర్చున్న మనిషికి కూడా తెలియదు. 1978లో రాక్మన్, డి సిల్వా అనే ఇద్దరు పరిశోధకులు అడిగి చూస్తే, ఏ జబ్బూ లేనివాళ్లలో కూడా ఎక్కువమంది ఇలాంటి పిచ్చి ఆలోచనలు వస్తాయనే చెప్పారు. వాళ్లు "ఛీ" అనుకుని పనిలో పడతారు. మీ చేతికి చిక్కేది ఆ ఆలోచనంటేనే హడలిపోయేవాళ్లు. రాక్షసులైతే భయపడరు కదా.

మీ వయసు కూడా దాచారు. 1838లోనే పారిస్‌లో ఎస్క్విరోల్ అనే వైద్యుడు ఒక ముప్పైనాలుగేళ్ల అవివాహిత గురించి రాశాడు. బంధువులింటికి వెళ్లొస్తే వాళ్ల వస్తువేదో తన జేబులో వచ్చేసిందేమోనని ఆమెకి భయం. వ్యాపారం లెక్కలు చూసేటప్పుడు తప్పు రాసి ఎవరికైనా నష్టం చేస్తానేమోనని భయం. లెక్కలు చూసేవాళ్ల మీద మీకెందుకండీ ఇంత ప్రేమ?

మిమ్మల్ని వదిలించడానికి అమ్మ తాయెత్తు కట్టించింది. అన్నయ్య అది ఉందో లేదోనని తడుముకోవడం మొదలుపెట్టాడు. బంధువులు "మనసు గట్టి చేసుకో" అన్నారు, ఖర్చులేని వైద్యం కాబట్టి. చివరికి మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడి, సైకియాట్రిస్టుకి చూపించమన్నారు. మాత్రలు మొదలయ్యాయి. డిప్రెషన్‌కి వాడేవే, కాకపోతే మీకోసం తరచూ డోసు ఎక్కువ కావాలట. గుణం తెలియడానికి పది పన్నెండు వారాలు పట్టొచ్చన్నారు. మాత్రలతో పాటు ఇంకో వైద్యం కూడా. దాన్ని 1966లో లండన్‌లో విక్టర్ మేయర్ అనే ఆయన ఇద్దరు రోగుల మీద చేసి చూపించాడు. భయపడేదాని ఎదురుగా మనిషిని నిలబెట్టి, ఆ తర్వాత చేసే తంతు మాత్రం చేయనివ్వకపోవడం. ఇప్పుడైతే బలవంతం లేదు, తేలికైన భయం నుంచి మొదలుపెట్టి మెట్టుమెట్టుగా ఎక్కిస్తారు. అన్నయ్య జాబితాలో మొదటిది బీరువా తాళం, చిట్టచివర గ్యాస్.

ఈ వైద్యం చేస్తున్న డాక్టరమ్మ మాకూ కొత్త డ్యూటీ వేసింది, అన్నయ్య ఒప్పుకున్నాకే. సాక్ష్యం చెప్పకూడదు. పోయిన సోమవారం బస్సులోంచి ఫోన్.

"చెల్లీ, తాళం పడింది కదా?"

"ఏమో అన్నయ్యా."

"చూశావు కదే!"

"ఏమో."

నన్నూ డాక్టర్నీ కలిపి తిట్టాడు. మంగళగిరిలో దిగిపోతానన్నాడు. మరి దిగలేదు. సాయంత్రం వచ్చాక కూడా నాతో మాట్లాడలేదు. తలుపు దగ్గర చెప్పులు విప్పుతూ తాళం కప్ప వైపు చూశాడు, చెయ్యి మాత్రం వెయ్యలేదు.

గ్యాస్ సాక్షి పోస్టు ఖాళీ అవడానికి ఇంకా టైముంది. అయ్యాక మీరు వేరే ఎవర్నీ వేసుకోనక్కర్లేదు.

ఇట్లు,
జీతం లేని సాక్షి